కడిగిన కెమెరా

మట్టెవాడ, వరంగల్
13 అక్టోబర్ 1978

మీకు చిలుకమ్మ నమస్కారాలు.

మీరు బొంబాయి చేరినట్టు రాసిన కార్డు అందింది. అత్తమ్మకు చదివి వినిపించాను. మీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. పెండ్లయినప్పటి నుంచి మీరు ఇల్లు విడిచి పోయింది లేదు, నాకు రాసే పని పడలేదు. ఐదో తరగతి చేతిరాత, తప్పులుంటే నవ్వకండి. కవరు మీద మీ పేరు నా చేత్తో రాయాల్సి వచ్చింది. ఎవరూ చూడకుండా తలుపు దగ్గరికి వేసి రాశాను.

రంగు ఫోటోలు కడిగే పని నేర్చుకుంటున్నారని చెబితే అత్తమ్మ, "కడిగితే రంగు పోదా?" అని అడిగింది. పోదట అని చెప్పాను.

సద్దుల బతుకమ్మ నాడు మన వాడలో పక్కింటి చిన్నత్తమ్మ పేర్చిందే అందరికంటే ఎత్తు. అక్కాచెల్లెండ్లు ఇద్దరూ దాని మీద కూడా కొట్లాడారు. "గునుగు పువ్వంత నువ్వే గుంజుకున్నవు బక్కమ్మా" అని అత్తమ్మ. "నీ చేతుల పడితే వాడిపోతయని గుంజుకున్న రాజక్కా" అని చిన్నత్తమ్మ. ఎల్లస్వామి మరిది కూడా కేసముద్రం మార్కెట్ యార్డు నుంచి పండుగకు వచ్చాడు. బస్తాలు మోసి మోసి భుజం కాయ కాసింది. తల్లి చిన్నత్తమ్మ పక్కన కూర్చొని తిన్నాడు, లేచి పోయాడు. ఆయన మాట్లాడే తీరు మీకు తెలుసు కదా. అడిగితే ఒక మాట, అడగకపోతే అదీ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. కోపం చేయకండి.

దసరా పొద్దున అత్తమ్మ ఆయుధ పూజకు సామానంతా వాకిట్లో పెట్టింది. చనిపోయిన మామయ్య మగ్గం నాడెలు, కత్తిపీట, రోకలి, మీ సైకిలు. అన్నీ కడిగి పసుపు కుంకుమ పెడుతున్నది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. బయటికి వచ్చేసరికి ఇత్తడి తాంబాళంలో మీ రెండు కండ్ల కెమెరా ఉన్నది. అత్తమ్మ దాన్ని కుంకుడు రసంతో రుద్ది, చెంబుతో నీళ్లు పోస్తున్నది.

"అత్తమ్మా, దానికి నీళ్లు తగలొద్దట" అన్నాను.

"తిండి పెట్టే సామానును కడగకుండ బొట్టు పెడుతరా పిల్లా? పండుగ పూట అన్నీ స్నానం చేసి, అదొక్కటి మురికితోని ఉండాల్నా?" అన్నది.

చేతిలోంచి తీసుకొని వెనుక మూత తెరిస్తే నీళ్లు ధార కట్టాయి. లోపల రీలు లేదు, అంతవరకు నయం. పాత పంచెతో తుడిచి, మూతలన్నీ తెరిచి నీడలో ఆరబెట్టాను. రెండు కండ్లకూ లోపల చెమట పట్టింది. ఈరోజు ఒక కన్ను తేట పడింది, రెండోది ఇంకా మసకగానే ఉన్నది. ఇంకేమన్నా చేయాలంటే రాయండి. అత్తమ్మ మీ పని బాగుండాలనే చేసింది.

వేళకు తినండి.

చిలుకమ్మ


లోయర్ పరేల్, బొంబాయి
21 అక్టోబర్ 1978

చిలుకమ్మా,

నీ ఉత్తరం చదువుతుంటే చేతిల ఉన్న చాయ్ లుంగీ మీద పడ్డది. కెమెరాకు తలస్నానం. అది గూడ కుంకుడుకాయతోని. రూముల అందరు మన దిక్కు మిల్లు మనుషులే, ఏమైందని అడిగితే చదివి వినిపించిన. "సాంబ్రాణి పొగ వేసిండ్రా లేదా అడుగు పాండురంగం" అని ఒకటే నవ్వుడు. నాకు నవ్వు రాలేదు. అన్నం సగం వదిలిపెట్టి లేచిన.

ఆ కెమెరా సంగతి నీకు తెల్వదు. మా గురువు నా చేతికి ఇచ్చేనాటికే అది వయసుల నాకంటె పెద్దది. మడికొండ పెండ్లికి పోతుంటె ఎడ్లబండి మీదికెల్లి రాళ్ల మీద పడ్డది. మూల సొట్ట పోయింది గాని ఆ పెండ్లి మొత్తం దాంతోనే తీసిన. దాని లోపల సెల్లు లేదు, కరెంటు లేదు. ఇనుము, ఇత్తడి, గాజు. గడియారం లెక్క చక్రాలు, స్ప్రింగులు. ఎండకు చావలేదు, దుమ్ముకు చావలేదు. ఆఖరికి మా అవ్వ పెట్టిన బొట్టుకు చచ్చింది. నీళ్లు పోయినంక లోపల చక్రాలు తుప్పు పట్టకుండ ఉంటయా?

పొయ్యి దగ్గర ఉన్న అని రాసినవు. పొయ్యి కాడికెల్లి వాకిలి కనబడదా?

పోనీ. అవ్వను ఏమనకు, ఆమె మనసు నాకు తెలుసు. కెమెరాను గుడ్డల చుట్టి పెట్టెల పెట్టు, ఇక ముట్టకు. ఇక్కడ సెల్లుతో నడిచే జపాన్ కెమెరా ఒకటి చూసిన. వెలుతురు ఎంత ఉన్నదో అదే చూసుకుంటది. చాలకపోతే లోపల ఎర్రబుగ్గ వెలుగుతది. మనం చేసేదేమీ లేదు, నొక్కుడే. అది పట్టుకొనే ఇంటికొస్త.

నీ చేతిరాత బాగనే ఉన్నది. చిన్నమ్మను అడిగిన అని చెప్పు.

పాండురంగం


మట్టెవాడ, వరంగల్
19 నవంబర్ 1978

నమస్కారాలు.

టెలిగ్రాం అందే ఉంటుంది. మీరు బయలుదేరినా ఆఖరి చూపు అందేది కాదు. చిన్నత్తమ్మ ఇక లేదు. రాస్తుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

తుఫాను వాన పట్టి వదలలేదు. ఆమెకు జ్వరం వచ్చింది. గంజి తాగుతూ, మాట్లాడుతూనే ఉన్నది. బుధవారం పొద్దున అత్తమ్మ గంజి పట్టుకొని పోతే పలకలేదు. అత్తమ్మ కేక విని నేను ఉరికాను. వానకు డాక్టర్ రాలేనన్నాడు. వాడ పెద్దమనిషి ముక్కు దగ్గర దూది పెట్టి చూసి, అయిపోయింది అన్నాడు. ఎల్లస్వామి మరిదికి కబురు పంపితే ప్యాసింజర్ బండికి వచ్చాడు. తడిసిన బట్టలతో గుంజకు ఆనుకొని నిలబడ్డాడు. తల్లిని చూశాడు. కంట్లో నీటి చుక్క లేదు. ఆడవాళ్లు గుసగుసలాడారు. అత్తమ్మ గట్టిగానే అన్నది, "కన్నతల్లి పోతె కన్ను తడవని కొడుకును వీన్నే జూస్తున్న. బస్తాలు మోసి మోసి రాయి అయిండు."

అప్పుడు ఫోటో మాట వచ్చింది. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని చిన్నత్తమ్మ బతికుండగా ఒక్కటీ దిగలేదు. మన పెండ్లి ఫోటోలో కూడా ముఖం తిప్పుకున్నది. కాష్ఠానికి పోయేముందు ఒక్కటైనా తీయకపోతే ఆమె రూపమే మిగలదు. ఆ వానకు వేరే స్టూడియో వాళ్లు రామన్నారు.

"కెమెరా ఇంట్ల పెట్టుకొని నా చెల్లెను మొఖం లేకుండ పంపుతనా? లేవే పిల్లా" అన్నది అత్తమ్మ.

కెమెరా ఖరాబైంది, మీరు ముట్టొద్దన్నారు అని చెప్పాను. "కడిగితె ఖరాబయ్యేదైతె అదేం సామానే" అన్నది.

అంతమంది మగవాళ్ల ముందు నేనెన్నడూ నిలబడలేదు. కొంగు కప్పుకొని పోయాను. వాన పడుతున్నదని వాళ్లింటి ముందు అర్రలోనే కుర్చీ వేశారు. చిన్నత్తమ్మకు కొత్తచీర చుట్టి, బొట్టు పెట్టి, పూలదండ వేసి కూర్చోబెట్టారు. ఒరగకుండా నడుముకు, తలకు పంచె పేలికలతో కుర్చీకి కట్టారు. వెనుక తెల్ల దుప్పటి వేలాడదీశారు. చీకటిగా ఉన్నది. మీరు చీకట్లో ఎట్లా తీస్తారో చూసి ఉన్నాను కదా. అట్లాగే రీలు ఎక్కించి, స్టాండు మీద పెట్టి, కన్ను ఎక్కువసేపు తెరిచి ఉండేటట్టు చిన్న నంబరుకు తిప్పి, నొక్కే తీగ చేతిలో పట్టుకున్నాను. బతికున్న వాళ్లకు మీరు చెప్పే మాట నా నోటి దాకా వచ్చింది, కదలకండి అని. అనకుండా పండ్ల మధ్య బిగబట్టాను. తీగ నొక్కేటప్పుడు భయానికి కండ్లు మూసుకున్నాను. లోపల కిర్రుమని తిరిగి టక్కుమన్నది. అది పని చేస్తుందని నేను అనుకోలేదు.

ఒక్కటే తీశాను. వెంటనే ఎత్తారు. ఫోటో తీసేటప్పుడు ఎల్లస్వామి మరిది అర్రలో కనబడలేదు. బయట బీడీ తాగుతున్నాడని అత్తమ్మ అన్నది. కొరివి మాత్రం ఆయనే పెట్టాడు.

మూడోనాడు మీ చీకటి గదిలో, మీరు నేర్పినట్టే రీలు కడిగాను. ముఖం సరిగా రాలేదు, చెదిరింది. నెల మాసికానికి ఫోటోను పటం కట్టించి ఇవ్వమని మరిది అడిగాడు. ఏం చెప్పాలి?

చిలుకమ్మ


లోయర్ పరేల్, బొంబాయి
26 నవంబర్ 1978

చిలుకమ్మా,

టెలిగ్రాం వచ్చిన నాడు పనికి పోలేదు. చిన్నప్పుడు అవ్వ కొడితే నేను ఉరికి చిన్నమ్మ కొంగు కింద దాక్కునేటోన్ని. ఎల్లస్వామి కంటె నన్నే ఎక్కువ ఎత్తుకున్నది అంటరు. ఆఖరి చూపు లేకపాయె.

ఇక ఫోటో. ముట్టొద్దంటె ముట్టినవు. నువ్వేం చేస్తవులే, అవ్వ ముంగట నేనే నోరెత్తలేను. నీ తప్పు కాదు అని రాస్తున్న, ఏడువకు. నేను చెప్పిందే అయింది. నీళ్లు పోయి చక్రాలు తుప్పు పట్టినయి. షట్టరు మూసుకునే కాడ ఆలస్యం చేసింది, బొమ్మ చెదిరింది. లేకపోతె భయానికి నీ కాలు స్టాండుకు తగిలి ఉంటది. ఈ రెండిట్ల ఏదో ఒకటి.

ఎందుకంటె నేను ఈ పనిల పడ్డప్పటి సంది పోయినోళ్ల ఫోటోలు ఎన్నో తీసిన. బతికున్నోళ్లు కదులుతరు, దగ్గుతరు, కండ్లు మూస్తరు. ఊపిరి బిగబట్టుమని బతిమాలాలె. పోయినోళ్ల ముఖం చెదరంగ నేను ఎన్నడు చూడలేదు. కాబట్టి తప్పు కెమెరాదే.

ఎల్లస్వామికి కెమెరా ఖరాబైంది, ఫోటో రాలేదని చెప్పు. బొమ్మలు గీసేటాయనతోని చెప్పి గీయిస్త, పోలిక నేను చెప్త. వాడు అసలు ఏడ్వలేదంటె నాకు నమ్మబుద్ధి అయితలేదు. ఏం మనిషో.

జపాన్ కెమెరా తీసుకున్న. దూది లెక్క తేలిక. సప్పుడే రాదు. నువ్వు చూస్తె నవ్వుతవు.

పాండురంగం


మట్టెవాడ, వరంగల్
3 డిసెంబర్ 1978

నమస్కారాలు.

మీ ఉత్తరం చదివినప్పటి నుంచి పొయ్యి దగ్గరే కూర్చుంటున్నాను. అత్తమ్మ జ్వరమా అని నుదురు పట్టి చూసింది. ఆమెకేమీ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

నేను అప్పుడు సరిగ్గా రాయలేదు. ఫోటో చెదిరిందంటే అంతా చెదిరిందని మీరు అనుకున్నారు. అది కాదు. కుర్చీ చేతి మీది గీతలు కనబడుతున్నాయి. చీర అంచు మీది బుటాలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. ఒళ్లో పెట్టిన ఆమె చేతులు, గాజులు తీసిన మచ్చ, అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. ముఖం ఒక్కటే చెదిరింది. ముక్కుపుల్ల ఒక గీత లాగ సాగింది. కండ్లు, నోరు పొగ లాగ ఉన్నాయి. నా కాలు తగిలితే కుర్చీ కూడా చెదరాలి. చక్రాలు తుప్పు పడితే చేతులు కూడా చెదరాలి.

పోయినోళ్ల ముఖం చెదరడం ఎన్నడూ చూడలేదని మీరే రాశారు.

నేను ఊరికే అనుకోవద్దని కెమెరాను మళ్లీ తీశాను. ట్రంకులో ఉన్న రీలు ఎక్కించాను, తిట్టినా పడతాను. అదే అర్ర, అదే కుర్చీ. కిటికీ మూసి అదే చీకటి చేశాను. కుర్చీలో కొత్తకుండ బోర్లించి తీశాను. రోలు పెట్టి తీశాను. గుడ్డబొమ్మకు చీర చుట్టి తీశాను. కడిగి చూస్తే అన్నీ సూదితో గీసినట్టు వచ్చాయి. కుండ మీద కుమ్మరి వేలి గీతలు కూడా కనబడుతున్నాయి. అత్తమ్మ కుంకుడుకాయతో రుద్దినా, నీళ్లు పోసినా ఆ కెమెరాకు ఏమీ కాలేదు. దేవుడా, ఇది ఖరాబై ఉండాలని మొక్కుకొని కడిగాను. ఒక్కటంటే ఒక్కటి చెదిరినా ఆ రాత్రి నిద్రపోయేదాన్ని.

ఇంకొక మాట. మీకు గుర్తుందా, పోయిన ఎండకాలం చిన్నత్తమ్మ బీట్ బజారులో కండ్లు తిరిగి పడింది. అప్పుడు కూడా అందరూ పోయిందే అనుకున్నారు. ఆడవాళ్లు శోకం మొదలుపెట్టారు. ఆమె లేచి కూర్చొని, "ఎవలు సచ్చిండ్రే?" అని అడిగింది. మనమంతా ఎన్ని దినాలు నవ్వుకున్నామో. ఈసారి డాక్టర్ చూడలేదు. దూది పెట్టి చూశారు, అంతే. చేసిందంతా తొందర తొందరగా చేశారు, వాన పెరగకముందే పోవాలని.

నేను కండ్లు మూసుకోకుండా ఉంటే ఆమె కదలడం అద్దంలో కనబడేది. కనబడితే కేకేసేదాన్ని.

కొరివి పెట్టింది ఎల్లస్వామి మరిది. ఈ మాట ఆయనకు తెలిస్తే బతుకుతాడా? నిన్న వాకిట్లో నిలబడి, "వదినె, ఫోటో అయిందా?" అని అడిగాడు. ఇంకా కాలేదన్నాను. అత్తమ్మ లోపలి నుంచి, "ఏడ్వనోనికి ఫోటో ఎందుకురా?" అన్నది. ఆయన తువ్వాల దులుపుకొని పోయాడు. నాకు ఆయన ముఖం చూసే ధైర్యం లేదు. ఏం చేయాలో తొందరగా రాయండి.

చిలుకమ్మ


లోయర్ పరేల్, బొంబాయి
9 డిసెంబర్ 1978

చిలుకమ్మా,

ఈ ఉత్తరం చదివినంక చింపెయ్యి.

నీది రూం బయటికి పోయి చదివిన. రూమోళ్లు ఏమైందని అడిగితే ఏం లేదన్న. మొదలు నీకు భయానికి మతి పోయిందనుకున్న. మళ్లీ చదివిన. నువ్వు రాసింది అబద్ధమైతె బాగుండు అనిపించింది. ముఖం ఒక్కటే చెదిరితె కెమెరా మీద తప్పు పెట్టే వీలు లేదు. ఇది నాకంటె బాగ ఎవరికి తెలుసు?

ఒక్కటి అడుగుత, అవ్వను మెల్లగ అడిగి చూడు. నేను తీసేటప్పుడు పక్కకు ఇద్దరిని నిలబెట్టి భుజాలు పట్టిస్త. వాళ్ల చెయ్యి గట్టిగ వణికితె మనిషి వణికినట్టు రావొచ్చు. ఆ నాడు ఎవరన్న పట్టుకున్నరా? కట్టినమని రాసినవు. కట్టినదేనా, పట్టుకున్నదా? పట్టుకున్నోళ్లు ఉంటె ఫికర్ లేదు. లేకపోతె నా దగ్గర జవాబు లేదు.

ఏదైనా సరే, ఆ ఫోటోను, నెగెటివును పొయ్యిల వెయ్యి. ఎల్లస్వామికి ఖరాబైందనే చెప్పు. వానికి తల్లి తప్ప ఎవరున్నరు? ఈ మాట వాని చెవుల పడొద్దు. అవ్వ చెవుల అసలే పడొద్దు, ఆమె నోరు ఆగదు.

నా సంగతి చెప్తె నవ్వుతవు. జపాన్ కెమెరా చచ్చింది. నీళ్లు పోయలేదు, కింద పడలేదు. ఇక్కడి సముద్రపు గాలి తగిలింది, అంతే. సెల్లు మార్చిన, ఎర్రబుగ్గ వెలుగుతలేదు, నొక్కితె నొక్కుడు పడుతలేదు. బాగుచేసేటాయన తెరిచి చూసి, లోపల ఒక బిళ్ల పోయింది, అది ఇక్కడ దొరకదన్నడు. మా ఇంట్ల కెమెరాకు తలస్నానం చేయించినా నడుస్తున్నదని చెప్పిన. మొదలు నమ్మలేదు. తర్వాత "దాన్ని ఎవ్వరికి అమ్మకు" అన్నడు.

భయపడకు. నువ్వు ఒక్కదానివే ఈ బరువు మోస్తున్నవు, నాకు తెలుసు.

పాండురంగం


మట్టెవాడ, వరంగల్
20 డిసెంబర్ 1978

నమస్కారాలు.

మాసికం అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మీ ఉత్తరం అందిన పూటనే అత్తమ్మను అడిగాను, ఎవరన్నా పట్టుకున్నారా అని. "పట్టుకునుడెందుకు, నా చేతులతోనే కట్టిన. నడుముకొకటి, నెత్తికొకటి. నేత పని చేసిన చేతులు, నా ముడి జారుతదా?" అన్నది. ఉన్న ఆ ఒక్క ఆశ కూడా పోయింది.

మీరు చెప్పినట్టు చేద్దామని నెగెటివు తీసుకొని పొయ్యి ముందు కూర్చున్నాను. నాతో కాలేదు. ఆ ముఖాన్ని ఒకసారి కాల్చారు. రెండోసారి నా చేతులతో ఎట్లా కాల్చాలి? చీర మడతల్లో దాచాను.

మాసికం ముందురోజు ఎల్లస్వామి మరిది వచ్చాడు. అత్తమ్మ బజారుకు పోయింది. నేను తలుపు చాటున నిలబడే మాట్లాడాను.

"కెమెరా ఖరాబైంది. ఫోటో రాలేదు" అన్నాను.

"ఏం రాలే? నల్లగ వచ్చిందా, తెల్లగ వచ్చిందా?"

"ముఖం రాలేదు."

"మొఖం రాకున్న మంచిదే, జూపెట్టు వదినె. అవ్వది ఉన్నది అదొక్కటే."

చీర మడతల్లోంచి ఫోటో తీశాను. తెచ్చి ఇచ్చాను. కిటికీ దగ్గరికి పోయి వెలుతురుకు పట్టుకున్నాడు. కుర్చీ చూశాడు, చీర చూశాడు, చేతులు చూశాడు. ముఖం దగ్గర ఆగాడు. నాకు తట్టిందే ఆయనకు కూడా తట్టిందనుకున్నాను. ఉరికి ఆ కాగితం గుంజుకుందామని తలుపు చాటు నుంచి ముందుకు వచ్చాను.

ఆయన గోడకు ఆనుకొని మెల్లగా కింద కూర్చున్నాడు.

"కదిలింది అవ్వ కాదు వదినె. నేను" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. నేను కెమెరా మీదికి వంగిన సమయానికే తలకు కట్టిన ముడి జారిందట. ఆయన బీడీకి పోలేదు. ఎవరికీ ముఖం చూపలేక దుప్పటి వెనుక నిలబడి ఉన్నాడు. తల వెనక్కి వాలి దుప్పటి ఉబ్బడం చూసి, దుప్పటి మీది నుంచే అరచేయి పెట్టి పట్టుకున్నాడు. ముందున్న మాకెవరికీ ఆ చేయి కనబడలేదు.

"సల్లగున్నది వదినె. నా అరచేతుల మంచు గడ్డ పెట్టినట్టు ఉన్నది. బరువుంటది అని తెల్వదు. ఇన్నేండ్లు బస్తాలు మోసిన, అంత బరువు ఎన్నడు మొయ్యలే. అప్పటిదాక మంచిగనే ఉన్న. అవ్వ తల చేతికి రాంగనే ఏడుపు ఆగలే. సప్పుడు రాకుండ నోట్ల తువ్వాల పెట్టుకున్న. నోరు ఆగింది గాని చెయ్యి ఆగలే."

నేను కూడా అక్కడే కూలబడ్డాను. నాకు ఏడుపు వచ్చింది, దేనికని అడిగితే చెప్పలేను. ఇన్నిరోజులు నేనేమనుకున్నానో ఆయనకు చెప్పలేదు. ఎన్నటికీ చెప్పను. మీరు కూడా చెప్పకండి.

"ఇదే కట్టియ్యి వదినె" అన్నాడు.

"అందరూ అడుగుతారు కదా. ఏం చెబుదాం?"

"కెమెరా ఖరాబైందని చెప్త. నేను ఏడ్సిన అని నువ్వు ఎవ్వలకు చెప్పకు. నన్ను రాయి అంటాండ్రు, అననియ్యి. అన్నకైతె చెప్పుకో."

మాట ఇచ్చాను. అందుకే మీకు మాత్రం రాస్తున్నాను.

మాసికం నాడు ఫోటో గోడకు తగిలించి దండ వేశారు. వచ్చిన వాళ్లంతా దగ్గరికి పోయి చూసి, వెనక్కి జరిగారు. "అగో, మొఖమేది?" అని ఒకరు. "ఆడిది గుంజిన ఫోటో గట్లనే ఉంటది" అని ఒకరు. మరిది లేచి, "కెమెరా ఖరాబైంది. ఉన్నదే గిది" అన్నాడు. నేను తల వంచుకొని అన్నం వడ్డించాను.

అత్తమ్మ మాత్రం విస్తరి ముందు నుంచి లేచిపోయింది. "నా చేతులు ఇరిగిపోను. కుంకుడుకాయ వెట్టి నేనే రుద్దితి. నా చెల్లె మొఖాన్ని నేనే కడిగేస్తి" అని వెనుక గదిలో పడుకున్నది. ఆ పూట తినలేదు, మర్నాడు కూడా తినలేదు. చెబితే మరిదికి ఇచ్చిన మాట తప్పుతాను. చెప్పకపోతే ముసలామె ఏమైపోతుందో. మిమ్మల్ని అడిగి జవాబు వచ్చేదాకా ఆగే వీలు లేదు.

అందుకని అత్తమ్మను లేపి, ముఖం కడిగించి, అదే అర్రలో అదే కుర్చీలో కూర్చోబెట్టాను. "నన్ను గూడ దానెంబడి పంపుతవానే?" అన్నది. "కదలకండి అత్తమ్మా" అన్నాను. ఈసారి కండ్లు తెరిచే నొక్కాను. ఇంటికి వచ్చి రీలు కడిగి, ఫోటో తడి ఆరకముందే ఆమె చేతిలో పెట్టాను. ఏమీ చెప్పలేదు.

వాకిట్లో ఎండలో నిలబడి చూసుకున్నది. నుదుటి మీది ముడుతలు, చెంప మీది పులిపిరి, పచ్చబొట్టు చుక్కలు, అన్నీ ఉన్నాయి. నన్ను చూసింది. ఆ ఫోటో పట్టుకొనే పక్కింటికి నడిచింది. నేను వెనుకనే పోయాను. చెల్లెలి ఫోటో ముందు నిలబడి ఒకసారి తన ముఖం, ఒకసారి ఆ ముఖం చూసింది. దండ పక్కకు జరిపి, ఒళ్లో ఉన్న చేతులు, తల వెనుక దుప్పటి ఉబ్బు చూసింది. నా దిక్కు తిరగకుండానే అడిగింది.

"ఆ దుప్పటెనుక ఎవలుండెనే?"

నేను తల వంచుకున్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు.

ఆ సాయంత్రం ఎల్లస్వామి మరిది కేసముద్రం పోవడానికి సంచి సర్దుకుంటుంటే అత్తమ్మ పోయి చేయి పట్టి ఇంటికి తీసుకొచ్చింది. పీట వేసి, తానే వడ్డించింది. "బండి పోతది పెద్దవ్వా" అంటే, "పోతె పోనీ, ఇంకో బండి వస్తది. తిను కొడుకా" అన్నది. ఆయన తలెత్తి చూశాడు. తర్వాత అన్నం మీదికి వంగి తిన్నాడు. అత్తమ్మ కూడా అప్పుడే తిన్నది.

ఇప్పుడు వాడలో ఎవరు ఫోటో మాట ఎత్తినా అత్తమ్మే ముందు నోరు తెరుస్తున్నది. "మంచి కెమెరా, నేనే నీళ్లు పోసి ఖరాబు చేసిన. పెద్దతనం, తెల్వక చేసిన" అని అందరికీ వినబడేటట్టు చెబుతున్నది. నిన్న కల్లాపి చల్లుతూ కూడా ఎవరితోనో అదే చెప్పింది. వాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

సంక్రాంతి దాటాక వస్తానన్నారు కదా. మన స్టూడియో తెరవగానే అందరూ మొదట ఆ మాటే అడుగుతారు, కెమెరా బాగైందా పాండురంగం అని. మీకు ఆ కెమెరా అంటే ఎంత పట్టింపో నాకు తెలుసు. అయినా మీరు కూడా, ఖరాబైంది, చాలా కష్టపడి బాగుచేయించాను అనే చెప్పండి.

చలి ఎక్కువగా ఉన్నది. రగ్గు కప్పుకోండి.

మీ
చిలుకమ్మ